తట్టకుండా విన్న బావి

చమురు బావుల దగ్గర ఆయనను అందరూ పాముచెవులాయన అనేవారు. నిజానికి ఆయన చెవులు మనందరి చెవుల వంటివే, వినేది గాజుతీగ. వెంట్రుకంత సన్నని ఆ తీగను ఉక్కు గొట్టంలో పెట్టి, బావి అడుగు దాకా దింపుతారు. పైనుంచి అందులోకి వెలుగు పంపితే, లోపల వాయువు ఎక్కడ బుసకొడుతున్నదో అక్కడ తీగ వణుకుతుంది. ఆ వణుకు తిరిగివచ్చే వెలుగులో చేరి, యంత్రం గదిలోని తెర మీద చారగా కనబడుతుంది. ఆ చారను చూసి, బావి గొట్టం ఏ లోతున కారుతున్నదో చెప్పడం ఆయన ఉద్యోగం.

అందుకొక పద్ధతి ఉన్నది. కొలతకు ముందు ఒకరు బావి మూతి దగ్గర నిలబడి తీగను వేలితో తట్టాలి. ఆ తట్టు తెర మీద ఎక్కడ కనబడితే అక్కడి నుంచి లోతు లెక్కించాలి. యంత్రం నుంచి బావి దాకా నేల మీద పరచిన తీగ పొడవును లెక్కలోంచి తీసివేయకపోతే లోతు తప్పుతుంది. "తట్టకుండా లోతు చెప్పడమంటే, గడప చూడకుండా గదులు లెక్కపెట్టడమే" అని కొత్తవారికి ఆయనే పాఠం చెప్పేవాడు.

ఆ ఏటి వానల్లో పాత బావి ఒకటి కారడం మొదలుపెట్టింది. దాని కంచె అవతలే ఆయన చెల్లెలి ఇల్లు. పెరటిలోని మంచినీళ్ళ నూతిలో అప్పుడప్పుడు బుడగలు లేస్తున్నాయి. కొలత నాటి ఉదయం ఆమె చెంబెడు నీళ్ళు పట్టుకొని కంచె దగ్గరకు వచ్చింది.

"అన్నయ్యా, వాసన చూడు. కిరసనాయిలు కలిపినట్టు లేదూ?"

ఆయన చెంబును ముక్కు దాకా తెచ్చి వెంటనే దింపేశాడు.

"మీ బావ ఒకటే దెప్పుతున్నారు. 'మీ అన్నవి పాముచెవులట, చెల్లెలి పెరట్లో బుస వినపడదా?' అని. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో అన్నయ్యా. ఇటుక ఇటుకా పేర్చుకుని కట్టుకున్నాం."

"ఇవాళే తేల్చేస్తాగా. వెళ్ళు, తడిసిపోతున్నావు."

ముందురోజు బావి చుట్టూ నీళ్ళు నిలిచినందువల్ల, చక్రాల మీది యంత్రం గదిని వెనక ఉన్న మిట్ట మీదకు జరిపి, నేల మీది తీగకు మరికొంత అతికారు. అది ఆయన కళ్ళముందే జరిగింది. అయినా ఆ తొందరలో మళ్ళీ తట్టించలేదు. గది కదలకముందు తట్టిన గుర్తునే నమ్మి లోతు చెప్పాడు.

"ఖాయమేనా గురువుగారూ?" అన్నాడు సిమెంటు మేస్త్రీ. "గొట్టానికి చిల్లు పెట్టి దాని వెనక సందులోకి సిమెంటెక్కించాక నాలిక్కరుచుకుంటే లాభం లేదు."

"ఖాయమే. కానివ్వండి."

చెక్కుచెదరని గొట్టానికి చిల్లు పెట్టారు. కారుతున్న చోటు దానికి చాలా పైన ఉండిపోయింది. మరునాటి కొలతకు తట్టించినప్పుడు, గుర్తు జరిగి కనబడగానే, కొత్తగా అతికిన తీగ పొడవు కూడా లోతులో కలిసిపోయిందని ఆయనకు అర్థమైంది.

"నేల కింద సంగతి, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "సిమెంటు పట్టలేదందాం. నాకు తిట్లు కొత్తా?"

ఆయన ఒప్పుకోలేదు, పైవారికి ఉన్నదున్నట్లు చెప్పాడు. కాని సిమెంటు బృందం అప్పటికే మరొక బావికి మాట ఇచ్చి ఉన్నది. వారు తిరిగి వచ్చి అసలు చోటును మూసేనాటికి, వాయువు ఇసుక పొరలన్నిటా పాకిపోయింది. తెర మీద చార మాయమైంది. అయినా నూతిలో బుడగలు ఆగలేదు. ఇల్లు ఖాళీ చేయక తప్పలేదు.

"ఆ సిమెంటు వాళ్ళ చేతులు పడిపోను!" అన్నది చెల్లెలు, పరుపు చుడుతూ. "నువ్వంత సరిగ్గా చెప్పినా..."

"వాళ్ళననకమ్మా. చోటు తప్పు చెప్పింది నేనే."

ఆమె చేతిలోని తాడు ఆగిపోయింది. "నువ్వా?"

"తట్టించి చూడలేదు. నువ్వు చెంబు పట్టుకుని వానలో నిలబడ్డావు కదా, తొందరపడ్డాను."

"అంటే, నా వల్లేనంటావా?"

ఆయన ఉద్దేశం అది కాదు. కాని నోటి నుంచి వచ్చిన మాటకు ఆ అర్థమూ ఉన్నది.

వారు అద్దెకు దిగిన ఇంటికి ఆయన ఒక సాయంకాలం వెళ్ళాడు. తలుపు మీద వేలితో తట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు గడప దాకా వచ్చి నిలిచాయి. గాజులు ఒకసారి కదిలాయి. గడియ కదలలేదు. కొంతసేపు అక్కడే నిలబడి, రెండవసారి తట్టకుండానే ఆయన మెట్లు దిగాడు.