కుడిచేతి పిడికెడు బియ్యం

మా సంఘంలో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, అందులో బియ్యం వెయ్యకముందే ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తారు. అది దేవుడి వంతు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చికి వస్తాయి. కానుకల వేళ అన్నీ ఒకే గోనెలో కుమ్మరించి, ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. సన్నబియ్యం, ముతకబియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసిపోయిన ఆ గోనెను నేను చాలాసార్లు పాడుకున్నాను. వండితే సగం ముద్దయ్యేది, సగం పలుకుగా మిగిలేది. ఇప్పుడు ఎంత మంచి బియ్యం కొన్నా ఆ రుచి రాదు. అది బియ్యం రుచి కాదు, నీ వయసు రుచి అంటారు మావారు. ఆయనకేం తెలుసు!

మాది కొత్తవలస. రాష్ట్రం రెండు ముక్కలైన రోజుల్లో ఆమదాలవలస దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా ఉండేదాన్ని. నాకు ఒక గది, ఒక బల్ల, ఒక కిటికీ. నూర్పిడి యంత్రంలో చెయ్యి పెట్టినవాళ్ళు, కొడవలితో వేళ్ళు కోసుకున్నవాళ్ళు, వల తాడు చుట్టుకుని వేళ్ళు నలిగిన సముద్రం ఒడ్డు వాళ్ళు, అందరూ అక్కడికే వచ్చేవారు. ఆపరేషన్లు విశాఖలో బాగానే చేసేవారు. ఆ తర్వాతే వచ్చేది తంటా. నలభై రోజులు చేతిని గుడ్డలో వేలాడదీసుకుని తిరిగి, చివరికి కర్రముక్కలా బిగుసుకుపోయిన వేళ్ళతో నా దగ్గర కూర్చునేవారు. నాకూ ఏం చెయ్యాలో తెలిసేది కాదు. కాలేజీలో చేతి గురించి చదివింది పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోయాను.

చేతి చికిత్స ఒక్కటే ప్రత్యేకంగా నేర్పే చదువు తమిళనాడులో ఉందని తెలిసింది. పంపే స్తోమత మా ఆసుపత్రికి లేదు, నాకసలే లేదు. ఆ సంగతి మా స్త్రీల సమాజం ప్రెసిడెంటు దగ్గర ఏకరువు పెట్టాను. ఊరంతా ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలిచేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. బియ్యం డబ్బాల పెత్తనం అంతా ఆవిడదే.

తర్వాతి సమావేశంలో పెద్దమ్మ ఆ మాట ఎత్తింది. అప్పటిదాకా బియ్యం సొమ్ము చర్చి పైకప్పుకో, దిక్కులేని విధవరాళ్ళకో వెళ్ళేది. వెనక వరసలో కూర్చునే ఒక ముసలావిడ గయ్యిమంది.

"సేతులికి సదువేటి? మన అమ్మలు ఏ సదువు సదివి సేతులు బాగుసేసుకున్నారు?"

"మీ అమ్మ ఏలు వంకరగానే ఉండీది, మర్సిపోనావేటి?" అంది పెద్దమ్మ. "గోడ కడితే కళ్ళకి కనపడతాది. ఈ పిల్ల సదువుకొని వస్తే మన సేతుల్లో కనపడతాది. ఎల్లనియ్యండి."

అలా వెళ్ళాను. వాళ్ళు కుండలో తగ్గించుకున్న పిడికిళ్ళ మీద నేను చదువుకున్నాను. వేడినీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ రేకుతో చేతికి ఆసరాగా స్ప్లింటు చెయ్యడం, తెగి అతికిన నరాన్ని తెగనివ్వకుండా, బిగుసుకోనివ్వకుండా రోజుకింత కదిలించడం నేర్చుకుని తిరిగొచ్చాను. చదువుతో పాటు కొంత పొగరు కూడా తెచ్చుకున్నాను. మన వాళ్ళ చేతులు ఎందుకు చెడుతున్నాయో రాసిపెట్టి పరిశోధన చేస్తానన్నాను. పెద్దమ్మ దానికీ బియ్యం కేటాయించింది. కళింగపట్నం వైపు నుంచి వచ్చే చేపలమ్మే ఆవిడ ఒకతె, మా చర్చికి ఏనాడూ రానిది, తన వేలు బాగుపడిందని మా వేలానికి ఒక బుట్ట ఎండుచేపలు పంపింది. రోగులకివ్వడానికి ఒక కాగితం అచ్చు వేయించాను. "ఆరు వారాలు ఈ చేత్తో ఏ పనీ చెయ్యకూడదు" అన్నది మొదటి వాక్యం. ఆ కాగితం చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆ వేసవిలోనే చర్చిలో పెళ్ళి భోజనాలకి పనసకాయ కొడుతూ పెద్దమ్మ చెయ్యి కోసుకుంది. జిగురు అంటకుండా చేతులకి నూనె రాసుకుంది. కాయ జారింది, కుడిచెయ్యి కత్తిపీట మీద పడింది. ఉంగరం వేలు, చిటికెన వేలు వంచే నరాలు రెండూ తెగిపోయాయి. విశాఖలో అతికించి నా దగ్గరికి పంపారు. ఆ వేళ్ళను రబ్బరు బ్యాండుతో వంచి పట్టే స్ప్లింటు కట్టాను. నన్ను చదివించిన మనిషే నా చదువుకి పరీక్షగా వచ్చి కూర్చుంది.

"మరేటీ అక్కర్లేదే పిల్లా. ఇది మూసుకుంటాదా సెప్పు. పిడికిలి పట్టాల, అంతే."

"మూసుకుంటుంది పెద్దమ్మా. నేను చెప్పినట్టు వింటే చాలు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు వారాలు ఆవిడంత బుద్ధిమంతురాలు లేదు. చీపురు ముట్టలేదు, చెంబు ఎత్తలేదు, అన్నం కోడలు తినిపించింది. నాలుగో వారం వచ్చేసరికి ఆ రెండు వేళ్ళూ చాపుకుని ఉండిపోయాయి. వంచమంటే వంగలేదు. అతికిన నరాలు మళ్ళీ తెగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం పని చేశావు? నిజం చెప్పు."

"ఏ పనీ సెయ్యలేదే."

"అబద్ధాలాడకు! ఊరికే తెగుతాయా?" అని అరిచాను. వార్డంతా వినపడేలా అరిచాను. కోడలు బైబిలు మీద ఒట్టేసింది. పెద్దమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది.

"బియ్యం తీసినాను" అంది. "ఆ రబ్బరు బేండు ఇప్పీసి, పొద్దుట ఒక పిడికెడు, సాయింత్రం ఒక పిడికెడు. నువ్వు పని సెయ్యొద్దన్నావు గానీ అది పనేటి? దేవుడికిచ్చింది పనెలాగవుతాది?"

"ఎడమచేత్తో తియ్యలేకపోయావా?"

"దేవుడికి ఎడంసేత్తో ఇస్తావేటే?"

ఆ పిడికిళ్ళు ఆ నెల వెళ్ళింది నా పరిశోధనకే. నాకోసం తీసిన బియ్యమే ఆవిడ నరాలు తెంపింది. కొత్తవలసలో నేనూ అలాంటి చర్చిలోనే పుట్టి పెరిగాను. మా అమ్మ ఆ పిడికెడు ఎడమచేత్తో తియ్యడం ఒక్కనాడు కూడా చూడలేదు. అయినా కాగితం రాసేటప్పుడు నాకు తట్టలేదు. ఆవిడ ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం, ఆవిడే నన్ను ఓదార్చింది.

మళ్ళీ ఆపరేషన్ చేశారు. ఈసారి తెగితే ఇంక చెయ్యలేనని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు. మళ్ళీ ఆరు వారాలు. పెద్దమ్మ మాత్రం బియ్యం మాననంది. కోడలు తీస్తుంది కదా అంటే "దానిది దానికి, నాది నాకు" అంది. దేవుడు ఏ చెయ్యని చూడడమ్మా అని పాస్టరు గారు ఇంటికొచ్చి చెప్పారు. ఆయన వెళ్ళాక "అయ్యగారు సెప్తారు గానీ, మాయమ్మ అలా సెప్పలేదు కదా" అంది.

"సరే, నీ ఇష్టం. ఆ చెయ్యి పోయిన రోజున నేనీ ఉద్యోగం మానేసి కొత్తవలస పోతాను. మీ బియ్యంతో చదివి నీ చెయ్యే నిలబెట్టలేని దాన్ని ఇక్కడెందుకు?" అని లేచి వచ్చేశాను. బెదిరింపు కాదది, నిజంగానే అన్నాను. రెండు రోజులు ఆ గడప తొక్కలేదు.

ఆదివారం కానుకల వేళ ఆడవాళ్ళు వరసగా డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు పెద్దమ్మ వచ్చింది. కుడిచెయ్యి స్ప్లింటుతో గుండెలకి ఆనించుకుని ఉంది. డబ్బా ఎడమచేతిలో ఉంది. గోనె దగ్గర ఆగి, తల వంచుకుని, ఆ ఎడమచేత్తోనే కుమ్మరించింది. కొంత కింద పడింది. అప్పుడా వెనక వరస ముసలావిడ, సేతులికి సదువేటి అన్నావిడే, ఏదో సణుక్కుంటూ తన డబ్బా ఎడమచేతికి మార్చుకుంది.

నా పరిశోధన నిజంగా మొదలైంది ఆ రోజునే అనుకుంటాను. అప్పటిదాకా ఏం పని చేశారని అడిగేదాన్ని. ఇప్పుడు "పని కానిది ఏం చేశారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఎన్ని బయటపడ్డాయో! హారతి కళ్ళకద్దుకున్నారు, పెళ్ళిలో అక్షింతలు వేశారు, మనవడి నోట్లో ముద్ద పెట్టారు. ఎండుచేపలు పంపిన ఆవిడైతే "బోణీ డబ్బులు ఎడంసేత్తో ఎవుర్తైనా పుచ్చుకుంటాదేటి?" అని నన్నే నిలదీసింది. పాత కాగితాలు చింపేసి కొత్తవి వేయించాను. మొదటి వాక్యం మారింది: "ఈ ఆరు వారాలూ దేవుడికైనా, మనిషికైనా ఎడమచేత్తోనే ఇవ్వండి, ఎడమచేత్తోనే పుచ్చుకోండి." ఆ మాట నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలందరికీ చెప్పాను. ఎవరి చేతి వల్ల తెలిసిందో కూడా చెప్పాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ స్ప్లింటు తీసేసిన రోజు మాత్రం నిన్నటిలా ఉంది. ఇంటి నుంచి డబ్బా, ఒక గిన్నెడు బియ్యం తెచ్చుకుంది. నా బల్ల మీద పెట్టి, కుడిచెయ్యి గిన్నెలో ముంచి పిడికిలి పట్టింది. ఉంగరం వేలు మూసుకుంది. చిటికెన వేలు సగంలో ఆగిపోయింది. ఆ సందులోంచి బియ్యం బల్ల మీదకి రాలుతుంటే నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇటు సూడే" అంది.

చేతిలో మిగిలింది డబ్బాలో వేసింది. తర్వాత బల్ల మీద రాలిన గింజల్ని ఎడమచేత్తో ఒక్కొక్కటే ఏరి, అవీ అదే డబ్బాలో వేసింది.