వెయిటింగ్ హాలు గుమ్మం దగ్గర అమ్మ

ఆదివారం పొద్దున మా ఊరి పాత రైల్వే స్టేషనంతా నడిపించి చూపిస్తూ చరిత్ర చెబుతారంటే, అమ్మ పేరూ నా పేరూ రాయించాను. అమ్మకు డెబ్భై దాటాయి. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ స్టేషన్ గూడ్స్ షెడ్డులోనే గడిపింది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే మిరప బస్తాలు చిరిగితే దబ్బనం పట్టుకుని పురికొసతో కుట్టేది. అన్నేళ్ళలో అక్కడి పెద్ద వెయిటింగ్ హాల్లో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. బస్తాలు కుట్టే ఆడవాళ్ళను లోపలికి రానిచ్చేవారు కాదు. ఈసారి ఆ హాల్లో టేకు బెంచీ మీద అమ్మను దొరసానిలా కూర్చోబెట్టాలని నా పంతం.

గైడు మెడలో మైకు తగిలించుకుని హుషారుగా నడిచాడు. గోడల రాయి ఏ కొండదో చెప్పాడు. గడియారం ఏ దేశానిదో చెప్పాడు. దొరలు ఏ మూల కూర్చుని టీ తాగేవారో అది కూడా చెప్పాడు. గూడ్స్ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఇక్కడ మిర్చి నిల్వ చేసేవారండీ" అని ఒక్క ముక్క అనేసి కదిలాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆగవయ్యా! ఆ బస్తాలు వాటంతటవే ఎగిరి వ్యాగన్లో పడ్డాయా? మా అమ్మ ఇక్కడే గోతాలు కుట్టింది" అన్నాను.

"అబ్బ, సూపర్ మేడమ్! బామ్మగారూ, ఇలా నిలబడండి, ఒక ఫోటో" అన్నాడు. ఎక్కడి నుంచో ఖాళీ గోతం ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అందరి ఫోన్లూ లేచాయి. ఆవిడ పేరేమిటని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. చరిత్రట, నా బొంద చరిత్ర! అమ్మ ఆ గోతాన్ని తిరగేసి చూసి, "దీనికి కుట్టు సరిగ్గా పళ్ళేదయ్యా" అంటూ తిరిగిచ్చేసింది.

తర్వాత వెయిటింగ్ హాలు. అందరూ లోపలికి వెళ్ళారు. అమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

"నువ్వు పోయి చూసిరా. నేనిక్కడ నిలబడతాలే" అంది.

"దీనికోసమేగా నిన్ను తీసుకొచ్చింది!" అని చెయ్యి పట్టుకు లాగాను. "నిన్ను రానివ్వనివాళ్ళలో ఒక్కడు కూడా ఇప్పుడు లోపల లేడు. ఇంకా ఎవరికమ్మా భయం?" నా గొంతు పెద్దదయింది. లోపలివాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

అమ్మ చెయ్యి విడిపించుకుంది.

"నాకు భయమేందే? నువ్వు ఏడో తరగతిలో బడిపిల్లల్తో కొత్తపట్నం సముద్రం చూడ్డానికి పోతా, ఈ హాల్లోనే కూర్చున్నావు. నీకు పులిహోర పొట్లం తెచ్చి ఇదే గుమ్మంలో నిలబడ్డా."

గుర్తు లేకేం! అమ్మ చీర నిండా మిరప దుమ్ము. ఆవిడ గుమ్మంలోకి వచ్చీ రాగానే హాలంతా ఒకటే దగ్గులు. పిల్లలు కళ్ళు నులుముకున్నారు. "ఎవరావిడ? బయటికి పొమ్మనండి" అని మా టీచరు అరిచింది. నేను తల దించుకున్నాను. అమ్మ పొట్లం పట్టుకుని అలాగే వెనక్కి పోయింది. అంతమంది పిల్లల్లో నన్ను చూసి ఉండదని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడా గుమ్మంలో సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ టీచరమ్మని నేనేం అనుకోలేదే. పాపం, ఆవిడకి ఘాటు తగిలింది" అంది అమ్మ. "నువ్వట్టా కాదుగా. నీకు ఉయ్యాల కట్టిందే బస్తాల మధ్యన. ఆ దుమ్ములోనే పాకావు. ఒక్కనాడు తుమ్మిన పాపాన పోలేదు."

నా మొహంలోకి చూసింది.

"మరి ఆ రోజు వాళ్ళతో పాటు నువ్వెందుకు దగ్గావే?"