బాన అడుగు

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంటుకు నీళ్ళ ట్యాంకరు రాలేదు. స్నానాల గదిలోంచి మనవరాలు బకెట్ అడుగున మగ్గుతో గీరుతున్న చప్పుడు గర్‌మని వినిపించింది. కాఫీ గ్లాసు చేతిలో అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయాను. అడుగు కనపడిందన్నమాట, అనుకున్నాను. ఆ మాట నాది కాదు. అనంతపురం జిల్లా కుందుర్పి దాపున ఒక పల్లెలో, తన మట్టి మిద్దెలో నాకొక గది అద్దెకిచ్చిన ఓబులవ్వది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఎక్కడ బకెట్ గీరుకున్నా ఇప్పటికీ ఆవిడ నా వెనకాలే నిలబడి చూస్తున్నట్టుంటుంది.

డెబ్బైల చివర్లో నాకు ఆ ఊరి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన అనంతపురంలో పనిచేసేవారు, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేవారు. నేను పుట్టి పెరిగింది కాలవ గట్టున ఉన్న ఊళ్ళో. నీళ్ళకు కొదవ ఉంటుందని వినడమే తప్ప చూసినదాన్ని కాదు. చేరిన రోజు ప్రయాణం దుమ్మంతా వదిలేదాకా తలారా స్నానం చేసి హాయిగా బయటికొస్తే, ఓబులవ్వ తడిసిన నేలను చూస్తూ పెరట్లో కూర్చుని ఉంది. "ఏమ్మా టీచరమ్మా, బర్రెను గిన కడిగినావా?" అంది. నాకు ఒళ్ళు మండింది. "స్నానం చేశాను" అన్నాను. "చేసినావులే. రేపటికి తాగే నీళ్ళు గూడా పోసుకొని చేసినావు" అంది. ఇట్లాంటి నోటితో ఎట్లా వేగడమా అనుకున్నాను. మర్నాడు స్నానాల బండ మీద ఒక చిన్న గిన్నెడు నీళ్ళు, పక్కన ఎండిన సొరకాయ బుర్రను కోసి చేసిన ముంత పెట్టి ఉన్నాయి. "దీంతో పోసుకో. ఒళ్ళు తడిస్తే సాలు, ఊరు తడవాల్సిన పనిల్యా" అని తన దారిన తాను పోయింది.

ఆ ఇంట్లో నీళ్ళకొక దారి ఉండేది. కొర్రలు కడిగిన నీళ్ళు మేక కుడితికి పోయేవి. బూడిదతో తోమిన గిన్నెల కడుగు వంకాయ మొక్కలకు పోయేది. స్నానం నీళ్ళు బండ మీంచి జారి సొరపాదుకు చేరేవి. సబ్బు నీళ్ళు తీగ తాగదని నా సబ్బు తీసి గూట్లో పెట్టేసి, కుంకుడుకాయలు చేతిలో పోసింది. ఆ తీగ మిద్దె మీదికి పాకి, వీధిలో అడిగినవాళ్ళందరికీ కాయలిచ్చేది. వెన్నెల రోజుల్లో ఓబులవ్వ దీపమే వెలిగించేది కాదు. "పైన అంత దీపం ఉండాది, కింద ఇంకోటేలమ్మా?" అనేది. పెరట్లో వెన్నెట్లోనే కొర్రన్నం, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తినేవాళ్ళం. తిన్నాక ఎండ వేడి ఇంకా వదలని బండ మీద బొంత పరుచుకుని పడుకునేవాళ్ళం. గుట్టల వైపు నుంచి గాలి మెల్లగా వచ్చేది. ఆవిడ చిన్నప్పుడు ఊరి పక్క వంక పారేదట, పడుకుంటే ఇక్కడికి వినపడేదట. "ఇని సూడు, పారతాండాది" అనేది కళ్ళు మూసుకుని. నేనూ చెవులు రిక్కించేదాన్ని. నిద్ర ముంచుకొచ్చే వేళకు నిజంగానే ఎక్కడో నీళ్ళు కదిలేవి. పొద్దున బడికి పోతూ చూస్తే వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు, కానీ నేను విన్నానంటే విన్నాను.

పాత బట్టలకు ప్లాస్టిక్ సామాన్లిచ్చే అతను సైకిల్ మీద ఊళ్ళోకి రావడం అప్పుడే మొదలైంది. వీధిలో ఆడవాళ్ళంతా అతని చుట్టూ మూగారు. నేనూ ఒక పసుపుపచ్చ బకెట్ మీద కన్నేశాను. ఓబులవ్వ మాత్రం తన పాత చీరను చంకలో పెట్టుకుని కదల్లేదు. "ఇది నాకు బొంతయితాది. నీ బక్కెట పగిల్తే ఏమయితాదప్పా?" అని అడిగింది. "ఏమయితాదవ్వా, ఇంకోటి తీసుకుంటావు" అన్నాడతను. "అదే వద్దంటాండా" అని లోపలికి పోయింది. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. బకెట్ తీసుకున్నాను కూడా. ఏడాది తిరక్కుండానే అది పగిలితే, ఓబులవ్వ అందులో మట్టి పోసి మునగ కొమ్మ నాటింది.

అన్నిటికన్నా నన్ను విసిగించింది ఆవిడ బాన. వంటింటి మూల నేలలో సగం పాతిన పెద్ద మట్టి బాన అది. బావి నుంచి ఎంత తెచ్చి పోసినా, నీళ్ళు అడుగుకు దగ్గరపడగానే మూత పెట్టేసేది. ఇక ఆ పూట ఎవరడిగినా లేవు. "బాన అడుగు కనపడకూడదమ్మా" అనేది. "ఎవరికోసం దాస్తున్నావవ్వా?" అంటే, "ఎవురికో. నాకేం తెల్సు?" అనేది. వేవిళ్ళతో నేను వాడిపోయిన రోజుల్లో మొహం మీద చల్లుకోవడానికి ఇంకో ముంతెడు అడిగితే, సగమే పోసింది. ఇంత పిసినారిని నా జన్మలో చూడలేదని శనివారం మా ఆయన దగ్గర చాడీలు చెప్పాను. ఆయన ఓబులవ్వ పంపిన సొరకాయ పులుసు కలుపుకుని తింటూ ఊకొట్టారు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఎండాకాలానికి ఊరి బావిలో ఊట సన్నబడింది. మా అమ్మ వచ్చి నన్ను కాన్పుకు తీసుకుపోవాల్సిన నెల ఇంకా రానేలేదు, ఒక మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఉన్న ఒక్క బస్సూ పొద్దున్నే వెళ్ళిపోయింది. ఓబులవ్వ ఆ ఎండలో పరుగున పోయి మంత్రసాని రామక్కను పిలుచుకొచ్చింది. ఖాళీ బిందెలతో తిరిగొచ్చిన ఆడవాళ్ళు, బావిలో బురద తేలిందని, సాయంత్రం దాకా ఊరదని వీధిలో చెప్పుకోవడం నాకు వినపడుతూనే ఉంది. ఎండకు తలుపు సందులోంచి వెలుగు నీళ్ళలాగే వణుకుతోంది. బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

"ఓబులక్కా, నీళ్ళు. ఏన్నీళ్ళూ కావాల, సన్నీళ్ళూ కావాల" అంది రామక్క. "ఉండాయి, పోస్కో" అంది ఓబులవ్వ. అప్పటికే పొయ్యి మీద కుండ కాగుతోంది. ఒకసారి వేడివి, ఒకసారి చల్లవి, రామక్క బిడ్డ వీపు రుద్దుతూ పోస్తోంది. నేను బాన వైపే చెవి పెట్టి పడుకున్నాను. సొరముంత మునుగుతోంది, పైకొస్తోంది, మళ్ళీ మునుగుతోంది. సగం ముంత కాదు, నిండు ముంతలు. ఉన్నట్టుండి ముంత బాన అడుగున గర్‌మని గీరుకుంది. ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని చప్పుడది. అయిపోయాయి, ఇక లేవు, నా బిడ్డా లేదు అనుకున్నాను. ఆ ఆఖరి ముంత పడ్డాక బిడ్డ ఏడ్చింది.

కాచిన నీళ్ళలో మిగిలినవి ఓబులవ్వ నాకు తాగించింది. "నువ్వూ తాగవ్వా" అంటే, "నాకు దప్పిక ల్యా" అంది. పెదాలు ఎండి బీటలిచ్చి ఉన్నాయి. పొద్దువాలాక బావి ఊరితే బిందెడు తెచ్చి, ముందు బానలో పోసి, ఆ తర్వాతే తాగింది. నాకు ఏడుపు ఆగలేదు. "అడుగు కనపడింది గదవ్వా" అన్నాను. ఆవిడ బిడ్డ పాదం వేలితో ముట్టుకుంది. "కనపడితే కనపడనీ. ఎవురికో ఎవురికో అంటాంటి గదా. ఈయమ్మకేనంట" అంది. బిడ్డకు పోసిన నీళ్ళు కూడా తొట్టిలో పట్టి సొరపాదుకే పోసిందని మర్నాడు రామక్క చెప్పింది.

నిన్న మనవరాలు తల నిండా నురగతో తలుపు సందులోంచి తొంగిచూసి, "అమ్మమ్మా, నీళ్ళయిపోయాయి" అని గోలపెట్టింది. నా గదిలో మూత పెట్టి ఉంచిన బకెట్ తెచ్చిచ్చాను. దాన్ని ఖాళీ చేయడం నాకు ఇన్నేళ్ళలో చేతకాలేదు. సగం పోసి మూత పెట్టేయబోతుంటే, "ఇంకా ఉన్నాయిగా, అవెవరికోసం?" అంది విసుగ్గా.

"ఎవరికో. నాకేం తెలుసు?" అన్నాను.

ఆనాడు ఆ బాన ఎవరికోసం నిండి ఉందో, ఆ మనిషి పక్కగదిలో ఆఫీసుకు ఆలస్యమైందని గొణుక్కుంటూ తల దువ్వుకుంటోంది.