తొమ్మిది మంది పిల్లలకు ఒకటే మచ్చ

ముందు ఆ టీ మింగండి, తర్వాత చెబుతా. పొలమారితే నా పూచీ లేదు.

పది రోజులుగా మా ఆస్పత్రిలో నన్ను ఉత్త శీనయ్య అని పిలిచేవాడు లేడు. అందరికీ మచ్చల శీనయ్యనే! నా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, కావాలంటే చొక్కా విప్పి చూపిస్తా. ఈ పేరు ఎట్టొచ్చిందో నా నోటితోనే వినండి. వేరేవాళ్ళు చెబితే ఇంకో నాలుగు కలుపుతారు.

హెల్త్ అసిస్టెంటుగా చేరి నాకింకా ఏడాది కాలేదు కదా. పోయిన నెల ఒకరోజు మా డాక్టరు గారు జనన మరణాల రిజిస్టరు ముందేసుకొని నన్ను పిలిచినాడు.

"ఏమయ్యా, కాలువ అవతల పాలెంలో ఎన్ని ఇళ్ళుంటాయి?"

"అరవై దాకా ఉంటాయి సార్."

"ఏడాదిలో అక్కడ పుట్టింది ఇద్దరేనట. నమ్మమంటావా?"

నేనేం చెప్పేది! పుట్టుకలు రాసేది మునసబు గారు. ఆయనుండేది నాలుగు మైళ్ళ దూరంలో పెద్దూళ్ళో. మాకు బిడ్డ పుట్టిందని చెప్పేదానికి చేపల వేట మానుకొని, పడవ దాటి, ఆ ఇసకలో కాళ్ళీడ్చుకుంటా ఎవరు పోతారు?

"బిడ్డ పుట్టినట్టు రాయకపోతే, టీకా వెయ్యాల్సిన బిడ్డ ఉన్నట్టే మనకు తెలీదు," అన్నాడు డాక్టరు గారు. "ఇద్దరికే మందు వస్తుంది. రేపు మశూచి వచ్చిందనుకో, అది రిజిస్టరు చూసుకొని ఇద్దరితో ఆగుతుందా?"

ఆ మాట సూటిగా తగిలింది నాకు. నా చిన్నప్పుడు మా వీధిలో ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయింది ఆ జబ్బు. వాళ్ళతో గోలీలాడినవాణ్ణి. "సార్, ఆ పాలెంలో ఒక్క బిడ్డ కూడా నా లెక్క తప్పిపోదు" అని గట్టిగా మాటిచ్చేసినాను.

మర్నాడు పొద్దున్నే పడవెక్కి పోయినా. మగాళ్ళంతా వేటకి పోయినారు. నేను సంచీ, రిజిస్టరు పట్టుకొని కనిపించేసరికి తలుపులన్నీ టపటపా మూసేసినారు! మొదటింట్లో తలుపు సందులోంచి ఒకామె, "పిల్లోళ్ళు లేరు సామీ" అంటుంది. లోపల్నుంచి కేర్ కేర్ మని ఏడుపు.

"మరి ఆ ఏడుపేందమ్మా?"

"పిల్లి."

రెండో ఇంట్లోనూ పిల్లే. మూడో ఇంట్లో రెండు పిల్లులు! సాయంత్రానికి నా లిస్టులో ఒక్క బిడ్డ లేదు.

అక్కడ కాన్పులన్నీ చేసే మంత్రసాని ఒకామె ఉంది, పోలమ్మ. అరుగు మీద వల చిక్కు తీసుకుంటా పొద్దుట్నించి నా అవస్థంతా చూస్తానే ఉంది. "బిడ్డల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని వాళ్ళ భయం అబ్బయ్యా. నన్నడుగు, నేను చెబుతా" అనింది.

అడిగినానా? అడిగుంటే ఈ కథే లేదు! "అవ్వా, గవర్నమెంటు లెక్క నోటి మాట మీద నడవదు. నేను కళ్ళారా చూసి రాయాల" అన్నాను. పెద్ద చదివినోణ్ణి కదా!

మొండిగా రెండు రోజుల తర్వాత మళ్ళీ పోయినా. ఈసారి ఆస్పత్రిలోంచి పాలపొడి డబ్బా ఒకటి అడిగి తీసుకుపోయినా. ఏ ఇంట్లో ఏడాది లోపు బిడ్డని చూపిస్తే ఆ ఇంటికి ఒక పొట్లం. అబ్బ, ఏం చెప్పమంటారు! తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలోనూ చంకలో బిడ్డతో ఒకామె. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది మంది తేలినారు! నా సంతోషం చూడాల!

పైగా నేను ఊరికే రాసే రకమా? రేపు ఎవరన్నా అనుమానపడతారేమోనని పెన్సిలుతో ఇంకో గడి గీసి, 'ఆనవాలు' అని పెట్టి, ఒక్కో బిడ్డనీ పరీక్షగా చూసి మరీ రాసినా. 'ఎడమ చెవి కింద ఎర్ర మచ్చ'. నాలుగిళ్ళ తర్వాత మళ్ళీ 'ఎడమ చెవి కింద ఎర్ర మచ్చ'. అట్టా తొమ్మిది మంది! అందరూ దగ్గరి చుట్టాలు కాబోలు, వంశంలో వచ్చిందేమో అనుకున్నా గానీ, బుర్రలో దీపం వెలగలేదు.

డాక్టరు గారు కాన్పుల వార్డు పనిలో ఉండి, అంకె మాత్రం చూసి, "భేష్!" అని ఆ లిస్టు నెల్లూరు జిల్లా ఆఫీసుకి పంపించేసినాడు. పది రోజులకు జీపు దిగింది. జిల్లా ఆఫీసరు గారు స్వయంగా! వెంట టీకాలు వేసే మనిషి, మందు పెట్టె. ఆఫీసరు గారి చేతిలో ఒక భూతద్దం.

"ఇక్కడ శీనయ్య ఎవరు?"

నేను ఛాతీ విరుచుకొని ముందుకొచ్చినా. మెచ్చుకుంటాడని.

"ఒక్క పాలెంలో తొమ్మిది మంది పసిబిడ్డలకి ఒకే చోట ఎర్ర మచ్చ! ఇదేదో కొత్త చర్మవ్యాధయ్యా. నేను చూడాలి, పద."

విరిచిన ఛాతీ అక్కడే దించేసినా. అయినా పోక తప్పుతుందా! అందరం పడవెక్కినాం. పాలెంలో పందిరి కింద ఆఫీసరు గారు కూర్చొని, "మచ్చ ఉన్న బిడ్డలందర్నీ తీసుకురండి" అన్నాడు. ఒకామె ఒక బిడ్డని తెచ్చింది. ఎడమ చెవి కింద ఎర్ర మచ్చ. భూతద్దం పెట్టి చూసినాడు.

"ఇది పుట్టుమచ్చ. సరే, మిగతా ఎనిమిది మంది?"

ఎవరూ కదల్లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వినారు. పోలమ్మ లేచి నిలబడింది.

"దొరా, ఆ తొమ్మిది మందీ వీడే."

నేను ముందు వాకిలి దిగి పక్కింటికి పోయేలోపల, పెరట్లో తాటాకు దడి మీదుగా వాడు నాకంటే ముందే ఆ ఇంటికి చేరుతున్నాడంట! ఆఫీసరు గారు భూతద్దం బిడ్డ మీద నుంచి తీసి నా మొహం మీద పెట్టినాడు. నిజమబ్బా! భూమి పగిలి నన్ను మింగితే బాగుండనుకున్నా.

పోలమ్మే నన్ను కాపాడింది. ఇంట్లోకి పోయి ఒక చిన్న ముంత తెచ్చి పందిరి కింద బోర్లించింది. లోపలన్నీ గవ్వలు. "నేను కాన్పు చేసిన ప్రతిసారీ ఒకటి వేసుకుంటా. ఈ ఏటివి పదిహేడు" అనింది. పద్నాలుగు ఒక పక్కకి జరిపింది. మూడింటిని విడిగా పెట్టింది.

"ఇవేందవ్వా?" అన్నాను.

"పుట్టి పోయినోళ్ళు నాయనా. వీళ్ళని కూడా రాస్తారా?"

ముప్పై ఎనిమిది మందిని రాసిన నేను, ఏ ఇంట్లోనూ పోయినోళ్ళ గురించి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆఫీసరు గారు మెల్లిగా, "తప్పకుండా రాస్తామమ్మా. వాళ్ళెందుకు పోయినారో తెలిస్తేనే కదా రేపటి వాళ్ళని ఆపుకునేది" అన్నాడు. నేను పాత పేజీలు కొట్టేసి, ఇసకలో బాసిపట్లేసుకొని కూర్చున్నా. పోలమ్మ ఒక్కో గవ్వా పట్టుకొని తల్లి పేరు, నెల, ఆడో మగో చెబుతా ఉంటే పదిహేడూ రాసినా. తర్వాత ఆమే తన మనవరాల్ని ఎత్తుకొచ్చి ముందు టీకా వేయించింది. ఆ వెనక మిగతా పదమూడు మందీ వచ్చినారు. ఒక్కరూ తప్పిపోలేదు.

తిరిగొచ్చేటప్పుడు పడవలో, "సార్, మిగతా పాలేల లెక్క కూడా నేనే తెస్తా" అన్నాను. ఆఫీసరు గారు భూతద్దం సంచీలో పెట్టుకుంటా, "తే. కానీ పడవ దిగంగానే ముందు మంత్రసానిని కలువు" అన్నాడు.

బుద్ధిగా అట్నే చేసినా. నిన్న ఇంకో పాలేనికి పోయినా. పడవ ఆలస్యమైంది. మంత్రసాని యాడికన్నా పోతుందేమోనని ఒకటే పరుగు. చేపలు ఎండబెడతా ఉన్న ఆడవాళ్ళ ముందు నిలబడి, రొప్పుకుంటా, "అక్కా, మంత్రసాని ఇల్లు యాడ? తొందరగా చెప్పండి!" అన్నాను.

అంతే! బుట్టలన్నీ యాడివాడ పడేసినారు.

"అయ్యో నాయనా, నొప్పులు ఎప్పుడు మొదలైనాయి?"

"తొలి కాన్పా?"

"ఆ పిల్లని ఒక్కదాన్నే పడవలో వదిలొచ్చినావా, మతుందా నీకు!"

ఒకామె వేణ్ణీళ్ళు పెట్టేదానికి పరిగెత్తింది. నలుగురు మంచం ఎత్తుకొని కాలువ వైపు పోతా ఉన్నారు. నేను వాళ్ళ వెనకాలే పరిగెత్తి, "ఆగండక్కా! నాకింకా పెళ్ళే కాలేదు!" అని అరిచినా.

మంచం ధబ్బున కింద పడింది. అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఇంత దూరం వచ్చినాక ఇంకా ఎప్పుడు చేసుకుంటావు నాయనా?" అనింది.

ఎంత చెప్పినా వింటేనా! వాళ్ళ చేపల బుట్టలతో పాటు ఈ కబురు కూడా సాయంత్రానికి మా సొంతూరు కోవూరు సంతకి చేరిపోయింది. ఈ పొద్దున్నే మా నాయన మనిషిని పంపించినాడు. తిట్టలేదు, అరవలేదు, ఒకటే ప్రశ్న అడిగి రమ్మన్నాడంట: "ఆడబిడ్డా, మగబిడ్డా?"

ఊళ్ళోవాళ్ళ పుట్టుకలన్నీ రాసుకొచ్చే మొనగాణ్ణి, ఈ ఒక్కదానికి ఏం జవాబు రాయాలో తెలీక ఇట్టొచ్చి మీ దగ్గర కూర్చున్నా!