గుడివాడ బస్సూ, వియ్యాలవారి పాటా

ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది గాజులమ్ముకునే ఆవిడ. బందరు నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని దివిసీమ ఊళ్లన్నీ తిరిగేది. నా చేతికి గాజు ఎక్కిస్తూ సరిగ్గా మణికట్టు దగ్గర ఆపి, "విన్నారా అమ్మగారూ, మీ పక్కింటాయనకి గుడివాడలో ఇంకో సంసారం ఉందంట!" అంది. చెయ్యి లాక్కుందామంటే గాజు పగులుతుంది. అందుకని చెయ్యి అప్పగించి మొత్తం విన్నాను. వినడం ఇష్టం లేదని చెబితే దేవుడు నవ్వుతాడు.

పక్కింటాయన మాకు వరసకేమీ కారు. అయినా నేను బావగారూ అని, ఆయన భార్యను అక్కయ్యా అని పిలిచేదాన్ని. అరవైలలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మా వార్డుకు బావగారూ, ధాన్యం మిల్లు ఆసామీ నిలబడ్డారు. వార్డు మెంబరంటే, వీధి దీపంలో కిరసనాయిలు పోశారో లేదో చూసే పదవి. దాని కోసం ఇద్దరు పెద్దమనుషులు రాజ్యాలు పోయినట్టు కొట్టుకున్నారు.

బావగారు పక్షానికోసారి బస్సెక్కి చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్లి సాయంత్రానికి వచ్చేవారు. ఎందుకో ఎవరికీ చెప్పేవారు కారు. మిల్లాయన మనుషులకు ఆ బస్సు చాలింది. అసలు సంగతి అక్కయ్యకూ నాకూ మాత్రమే తెలుసు. ఆయనకు మూలశంక, అదే మొలల జబ్బు. గుడివాడలో దానికి మందిచ్చే వైద్యుడొకాయన ఉండేవాడు. ఆ జబ్బు పేరు నలుగురిలో చెప్పడం కన్నా రెండో పెళ్లాం ఉందనిపించుకోవడమే బావగారికి నయమనిపించింది. మగవాళ్ల పరువు ఎక్కడ దాక్కుంటుందో ఆ భగవంతుడికే ఎరుక.

నష్టమంతా అక్కయ్యకు వచ్చింది. మా వీధిలో ఏ పేరంటమైనా మొదటి బొట్టు ఆవిడకే పెట్టేవారు. ఆ వారం ఒకరింట్లో సీమంతం జరిగితే, బొట్టు పెట్టే పిల్ల చెయ్యి అక్కయ్య ముందు కాస్త తడబడి పక్కావిడ వైపు వెళ్లిపోయింది. తిరిగొచ్చేటప్పుడు అక్కయ్య కాలవ గట్టు మీద ఆగింది.

"చూశావా చెల్లీ! మొగుడు నిక్షేపంలా ఉండగానే నన్ను పక్కకి నెట్టారు. ఆ మెంబరుగిరీ ఉంటే ఎంత, ఊడితే ఎంత? రేపు నలుగురు ఆడవాళ్లలోకి నేనెలా వెళ్లను?"

"బావగార్ని నిజం చెప్పేయమనండి అక్కయ్యా."

"ఆయనా? ప్రాణమైనా ఇస్తారు గానీ ఆ మాట చెప్పరు."

బావగారి తరఫు కుర్రాళ్లు ఊరుకోలేదు. మిల్లాయన తల్లి మీద ఏదో పుకారు అల్లుకొచ్చి, అరుగు మీద కూర్చుని అక్కయ్యకు వినిపించబోయారు.

"పిన్నిగారూ, ఇది గనక బయటపెట్టామా, మిల్లాయన వీధిలో తలెత్తలేడు!"

"ఆ ముసలమ్మ మీకేం చేసిందిరా? నోటికి తీరికైతే లోపల బుట్టెడు చింతపండు ఉంది, పిక్కలు తీసిపెట్టండి" అంది అక్కయ్య. ఒక్కడూ మిగల్లేదు.

పోలింగు దగ్గరపడ్డాక మిల్లాయనకు గొప్ప ఆలోచన వచ్చింది. పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు పాడే ఆడవాళ్లను పక్కూరి నుంచి తెప్పించి, ఎడ్లబండి ఎక్కించి, బావగారి మీద పాట కట్టించాడు. బండి మా వీధిలోకి వస్తుంటే మా ఇంట్లోకి స్పష్టంగా వినబడింది:

"పామర్రు దాటాడు, పంచె సవరించాడు,
గుడివాడ గుమ్మాన గొంతు సవరించాడు..."

అబద్ధమాడనేల, పాట బాగుంది. తులసికోట దగ్గర పొద్దుటి దీపం పెడుతున్నదాన్ని, ఒత్తి వెలిగించడం మరిచిపోయాను.

అయితే మా వైపు ఆ పాటలకో పద్ధతి ఉంది. అవి కాబోయే చుట్టాల మీదే పాడతారు, పరాయివాడి మీద ఎవరూ పాడరు. పాడించుకున్న ఇంటి ఆడవాళ్లు బొట్టు పెట్టి తాంబూలమిస్తే, పాట ఆపి ఎదురు పాట వినాలి. మిల్లాయన పెళ్లిళ్లలో పంక్తి భోజనం దగ్గర కూర్చున్నాడు గానీ పాటల చాప దగ్గర ఏనాడు కూర్చున్నాడు? ఆయనకు ఈ సంగతి తెలియదు.

అక్కయ్యకు తెలుసు. పళ్లెంలో కుంకం, గంధం, తాంబూలాలు పెట్టుకుని వీధిలోకి వచ్చింది.

"దిగండి వదినగార్లూ! చుట్టరికం కలుపుకోవడానికి వచ్చినవాళ్లని ఎండలో నిలబెడతామా?"

బండిలో వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అందరికన్నా పెద్దావిడ ముందు దిగి బొట్టు పెట్టించుకుంది. ఇంకేముంది, అందరూ దిగారు. నేను మజ్జిగ పోశాను. అప్పుడు అక్కయ్య గొంతెత్తింది. ఆవిడ గొంతు రోకలి పోటులా ఉంటుంది.

"మా ఇంటి సవతి పేరు మూలశంకమ్మా,
కూర్చుంటే ఓర్వదు, కుళ్లబొడుస్తది!"

ముందు పెద్దావిడ మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకునే నవ్వింది, ఆ వెనక వీధి వీధంతా. "కుర్చీ మీద ఆశంటున్నారు ఆయనకి. గెలిచినా కూర్చోలేడమ్మా, ఆ కుర్చీలో!" అంది అక్కయ్య. లోపల గది తలుపు గడియ పడిన చప్పుడైంది. బావగారు విన్నారన్నమాట.

మిల్లాయన బండి వెనకాల గొడుగు కింద ఉన్నాడు. అక్కయ్య పళ్లెం అటు తిప్పింది.

"మీరూ తీసుకోండి అన్నయ్యగారూ. ఒక్క మాట చెప్పి వెళ్లండి. వేసవికి కాలవ కట్టేసేలోగా మంచినీళ్ల చెరువు ఎవరు నింపిస్తారు? పోయిన ఎండాకాలం ఉప్పుబావి నీళ్లతో పప్పుడకలేదు, పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆయన్నీ ఇదే అడిగాను. నీళ్లు నములుతున్నాడు."

"అదీ... చేలకి వంతు అయ్యాక చూద్దామమ్మా."

"అవున్లెండి, ముందు చేలు తాగితే తరవాత పిల్లలు తాగుతారు."

"చూద్దామనే వాళ్లకి మా ఊళ్లో పిల్లనివ్వరు బాబూ!" అంది పెద్దావిడ. ఆవిడను బండెక్కించి తెచ్చింది తానేనన్న సంగతి మిల్లాయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చుట్టూ చేరిన ఆడవాళ్లను చూసి, "నింపిస్తానమ్మా, చేలకన్నా ముందే నింపిస్తాను. ఇంక పాటలొద్దు" అన్నాడు.

బావగారు ఓడిపోయారు. ఒక ఆయన వీధిలో నిలబడి మాటిచ్చాడు, ఇంకొకాయన గడియ తియ్యలేదు. అక్కయ్య ఎవరికి వేసిందో చెప్పలేదు, అడిగే ధైర్యం బావగారు చెయ్యలేదు. కాలవ కట్టేయకముందే చెరువు నిండింది. మిల్లాయన గట్టు మీద ఉండి నింపించాడు, అక్కయ్య రోజూ వెళ్లి చూసొచ్చేది. ఆ శుక్రవారమే మిల్లాయన భార్య స్వయంగా వచ్చి, వాళ్లింటి పేరంటానికి మొదటి బొట్టు అక్కయ్యకే పెట్టి పిలిచింది.

నేను బడి మొహం చూడలేదు. ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన మా నాన్నగారి దయ వల్ల పేపరు చదవగలను. ఎన్నికలొస్తే అందులో సగం పైగా ఎవరిదో పడకగది గోల ఉంటుంది. అది దాటేసి, పోయినసారి అడిగినదానికి ఈ మనిషి ఏం చేశాడు, ఈసారి అడిగితే ఎదురుగా నిలబడి చెబుతాడా అని వెతుక్కుంటాను. ఈ బుద్ధి పెట్టినందుకు స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. నేర్పింది మాత్రం అక్కయ్యే.

ఆవిడ పోయి చాలా కాలమైంది. పేరు రాయొద్దని ఆవిడే అనేది. మీ వీధిలో ఎవరి ఇంటి గుట్టు మీదైనా పాట కట్టినప్పుడు, నవ్వొస్తే నవ్వండి, తప్పు లేదు. నవ్వాక, ఆ ఇంట్లో తల దించుకోవాల్సి వచ్చే ఆడమనిషి ఒకరుంటారని మరిచిపోకండి. మా అక్కయ్యను ఒక్కసారి తలుచుకోండి.