టవర్ స్పీకర్లు కొన్న ఆదివారం

మొన్న మా అమ్మాయి పిడికిట్లో ఇమిడేంత స్పీకరొకటి తెచ్చి, అలమారలో పుస్తకాల పక్కన నిలబెట్టి, ఫోనులోంచి ఏదో పాట మోగించి, సౌండు ఎట్లుంది నాన్నా అని అడిగింది. నేను స్టూలు లాక్కొని, నాలుగడుగుల దూరంలో కూర్చుని, కళ్లు మూసుకుని మెడ ఒక పక్కకు వంచానట. మా అమ్మాయి పడిపడి నవ్వింది, లోపల్నుంచి వచ్చిన మా ఆవిడ కూడా నవ్వింది కానీ ఆమె నవ్వు వేరు, ఎందుకంటే నేను అట్లా కూర్చోవడం ఆమె మొట్టమొదట చూసింది వనపర్తి బస్టాండు దగ్గరి ఎలక్ట్రానిక్స్ షాపులో, రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయిన రోజుల్లో.

అప్పుడు నేను వనపర్తి టెలిఫోన్ ఎక్స్చేంజీలో టెక్నీషియన్ని. నా చెవి మీద నాకు చెడ్డ గర్వం. రిసీవరు చెవికి ఆనించుకుని, ఆ గరగరను బట్టి ఇది కేబులు జాయింటులో వాననీళ్లు దిగిన చప్పుడు, ఇది స్తంభం మీద తీగ తుప్పు పట్టిన చప్పుడు అని చెప్పేవాణ్ని, చాలాసార్లు అదే నిజమయ్యేది కూడా. తోటి ఉద్యోగులు నన్ను పిలిచి వినమనేవాళ్లు. అందుకని, పెళ్లయిన రెండో ఏడు ఇంట్లోకి స్టీరియో కొనాలనుకున్నప్పుడు, ఏవి మంచివో తేల్చే పని నాదేనని, ఇందులో రెండో మనిషి మాటకు తావే లేదని అనుకున్నాను.

నిజానికి ఆ కోరిక నాది కాదు, మా ఆవిడది. ఆమె పుట్టిల్లు గద్వాలలో, నేతపని వాళ్లు. మామ, అత్తమ్మ, పెద్దబావ అందరూ మగ్గాల మీద ఉంటే, గోడకు మేకు కొట్టి వేలాడదీసిన రేడియో ఒకటి పొద్దంతా పాడుతుండేదట. కానీ మగ్గం ఆడుతున్నప్పుడు పాట ఎక్కడ వినబడుతుంది? పోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చే లోపల ఒక ముక్క, దారం తెగి మగ్గం ఆగినప్పుడు ఒక ముక్క. ఆమెకు వందల పాటలు వచ్చు, అన్నీ సగం సగమే. ఒక పాటను మొదట్నుంచి చివరిదాకా, మధ్యలో ఏ చప్పుడూ అడ్డం రాకుండా వినాలని చిన్నప్పట్నుంచీ ఉండేదని, పెళ్లయిన కొత్తలో సిగ్గుపడుతూ చెప్పింది. ఆమె ఎక్కువగా తలచుకునే ఒక పాట క్యాసెట్టును, డ్యూటీ మీద నాగర్‌కర్నూలు పోయినప్పుడు అక్కడి రికార్డింగు షాపులో వెతికించి తెచ్చి, దాచి ఉంచాను కూడా.

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరం షాపుకు పోయాం. మాలాంటి వాళ్లకు అందుబాటులో ఉండే టవర్ స్పీకర్లు రెండు జతలు. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ నా నడుము దాటిన ఎత్తు, కింద దరువు పలికించే పళ్లెమంత వూఫరు. రెండోది చెక్క రంగుది, ఎత్తు కాస్త తక్కువ, చూడటానికి బట్టల బీరువాకు చిన్న చెల్లెల్లా ఉంది. షాపు సేటు నల్లజతకు వైర్లు తగిలించి, దరువులే దరువులున్న పాటొకటి పెట్టి వాల్యూం తిప్పాడు. అబ్బ, నేటికీ ఒళ్లు జలదరిస్తుంది. గాజు తలుపు వణికింది, నా చొక్కా గుండీల మీద దెబ్బ తగిలినట్టయింది, హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డ జనం ఒక్కొక్కరే గడప దగ్గరికి వచ్చారు. నేను స్టూలు వేసుకుని, పైన సన్నని స్వరాలు పలికించే చిన్న ట్వీటరుకు నా చెవి సరిగ్గా ఎదురయ్యేటట్టు కూర్చుని, కళ్లు మూసుకుని, పెద్ద విద్వాంసుడిలా తల ఊపి, ఇదే ఖాయం అన్నాను. సేటు రసీదు పుస్తకం తీశాడు కూడా.

అప్పటిదాకా మూలన బెంచీ మీద కూర్చున్న మా ఆవిడ, నెమ్మదిగా అంది:

"జర చిన్నగ పెట్టమనుండ్రి. అప్పుడు తెలుస్తది."

సేటు నవ్వి తగ్గించాడు. వాల్యూం తగ్గేసరికి నల్లజతలో పాట పోయింది, దరువు మాత్రం మిగిలింది, గాయని గొంతు కడవలోంచి వస్తున్నట్టుందని ఆమె అంది. అంతటితో ఆగకుండా, ఎడమ దిక్కు డబ్బాలో ఏదో కొట్టుకుంటుంది, మగ్గంలో మరమేకు వదులైతే ఇట్లాగే చప్పుడవుతుందని అంది. సేటు ముఖం మారిపోయింది, మొన్ననే అట్టపెట్టె విప్పిన కొత్త సరుకు అన్నాడు. గడపలో ఉన్నవాళ్లు నా వంక చూస్తున్నారు. నాకు ఆ చప్పుడు వినబడలేదు. నాకు వినబడనిది ఆమెకెట్లా వినబడుతుందని రోషం వచ్చి, నీకేం తెలుసు, ఊరుకో అన్నాను, అంతమందిలో. ఆమె తల వంచుకుంది.

మర్యాద తెలిసినవాడు ఆ సేటు. ఆమె చిన్నబోవడం చూసి, తగువెందుకమ్మా, అటు తిరిగి కూర్చో, యాంప్లిఫయరు మీద మీట నొక్కి నేను జత మారుస్తుంటా, ఏది మోగుతున్నదో నువ్వు చెప్పు అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి, కొంగు భుజం మీదుగా లాక్కుని కూర్చుంది. ఆయన మీట నొక్కాడు. చెక్కరంగుది అంది. మళ్లీ నొక్కాడు, నల్లది. నొక్కినట్టు నటించి నొక్కలేదు, మార్చలేదు కదా అంది. గడపలో జనం పెరిగారు, బస్సు వచ్చి హారను కొడుతున్నా ఒకరిద్దరు కదలనేలేదు. ఆమె తప్పు చెప్పాలని కోరుకుంటున్నానో ఒప్పు చెప్పాలని కోరుకుంటున్నానో నాకే అర్థం కాలేదు. ఒక్కసారి కూడా ఆమె తప్పలేదు. తరవాత నన్ను కూర్చోబెట్టారు. రెండోసారికే తికమక పడ్డాను, నాలుగోసారి చెక్కరంగు దాన్నే నల్లదన్నాను.

చివరికి సేటే పట్టుదలకు పోయి, స్క్రూడ్రైవరు తెచ్చి, ఎడమ నల్లడబ్బా వెనక చెక్క విప్పి చెయ్యి లోపల పెట్టాడు. చెయ్యి బయటికి తీసి వేళ్లు తెరిచాడు, అరచేతిలో చిన్న ఇనుప మరమేకు. లోపల దేన్నో పట్టి ఉంచాల్సింది వదులై, ఊడి, అడుగున దొర్లుతోంది. గడపలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"అమ్మా, ఇగ కొత్త మాలు వస్తే ముందు నీకే కబురంపుత," అన్నాడు సేటు.

చెక్కరంగు జతను, దాంతోపాటు కొన్న యాంప్లిఫయరును, క్యాసెట్టు డెక్కును తోపుడుబండి మీద పెట్టించుకుని, ఎగుడుదిగుడు వీధిలో చెరో పక్కనా ఒక్కో డబ్బాను పట్టుకుని నడిచాం. సగం దారిలో, అట్లా అనకుండా ఉండాల్సింది అని గొణిగాను. ఆమె నా వైపు చూడకుండా, ముందు డబ్బా గట్టిగ పట్టుకోండ్రి, పడతది అంది. కానీ పెదవుల మీద నవ్వుంది, అది చాలు అనుకున్నాను.

ఇల్లు చేరి వైర్లు తగిలించి మోగిస్తే ప్రాణం ఉసూరుమంది. బండలు పరిచిన నేల, బోసి గోడలు, పాట బావిలోంచి వచ్చినట్టు గుంయ్‌మంది. షాపులో మోసపోయామా అని నేను నీరుగారిపోతుంటే, మా ఆవిడ డబ్బాలను మూలల నుంచి మూరెడు ముందుకు జరిపించి, నేలమీద జంపఖానా పరిచి, మా పెళ్లికి అత్తమ్మ కుట్టిచ్చిన బొంతలు రెండూ వెనక గోడకు వేలాడదీసింది. నూలు కట్టలు నింపిన గదిలో మాట్లాడితే మాట మెత్తగ వస్తది కదా అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు. ఈసారి నేను ఆమె చూపించినట్టే వైర్లు సర్దాను.

దాచిన క్యాసెట్టు పెట్టాను. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండు డబ్బాల మధ్య, ఏమీ లేని ఖాళీ చోట గాయని నిలబడి పాడుతున్నట్టుంది. రెండో చరణం దగ్గర మా ఆవిడ చటుక్కున నా మోచెయ్యి పట్టుకుంది.

"ఈ పాటల పిల్లనగ్రోవి ఉన్నదా? ఇన్నేండ్లు నాకు తెల్వనే తెల్వదు."

ఆ ఏడంతా సాయంత్రమైతే మా వీధివాళ్లు వచ్చేవాళ్లు. చెప్పులు బయట విడిచి, జంపఖానా మీద సర్దుకుని కూర్చుని, పాట అయిపోయేదాకా ఎవరూ పలికేవాళ్లు కాదు. ఎదురింటి పెద్దమనిషికి ఏ పాటకు కళ్లు చెమరుస్తాయో, పక్కింటి అక్క ఏ పాటను రెండోసారి అడుగుతుందో నాకు తెలుసు, నాకు ఏది ఇష్టమో వాళ్లకూ తెలుసు. పదేళ్లకు ఆ వూఫర్ల అంచులు పొడిపొడిగా రాలిపోయాయి, బాగుచేసే షాపూ మూతపడింది. ఇప్పుడు వీధిలో ప్రతి జేబులోనూ వేల పాటలున్నాయి, వినడానికి కొదవ లేదు, సౌండూ మంచిదే, ఒప్పుకోవాలి. కానీ ఇవాళ మా పక్కింట్లో ఉన్నవాళ్లకు ఏ పాటంటే ప్రాణమో నాకు తెలియదు, తెలుసుకుందామని వాళ్ల గడప ఎక్కే ధైర్యమూ లేదు.