రోజూ పచ్చ టిక్కే

కంటి ఆసుపత్రిలో మా అక్కకు పెట్టిన పేరు అనుమానపు పక్షి. పెట్టింది మేనేజరు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క అక్కడ సర్వర్లు చూస్తుంది, నేను రిసెప్షనులో కూర్చుంటాను. రోగుల కళ్ల లోపలి ఫొటోలన్నీ ఆ సర్వర్లోనే ఉంటాయి. సాయంత్రం ఏడు కాగానే బ్యాకప్ దానంతటదే మొదలవుతుంది. ఏ ఫోల్డర్లు కాపీ తీయాలో దానికో జాబితా ఇచ్చి పెడతారు. వాటిలో ఆ రోజు మారినవి ఏరి, తాళం వేసి, వేరే ఊళ్లో ఉన్న యంత్రానికి పంపిస్తుంది. పొద్దున్నే మేనేజరుకు పచ్చ టిక్కుతో మెయిలు వస్తుంది.

అక్క ఆ టిక్కును నమ్మేది కాదు. నెలకోసారి ఆ ఊరి యంత్రం నుంచి ఏదో ఒక ఫొటో వెనక్కి తెప్పించి, తెరిచి, డాక్టరమ్మకు చూపించేది.

"ఆటోమేటిక్ అనే కదమ్మా కొన్నాం! మళ్లీ నీ కాపలా ఎందుకు?" అని మేనేజరు అది ఆపించాడు. ఆపొద్దని అక్క మూడుసార్లు రాసిచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

తర్వాత కొత్త కెమెరా వచ్చింది. బిగించినవాళ్లు ఫొటోలు కొత్త ఫోల్డరులో పడేలా పెట్టి వెళ్లారు. అక్క సెలవులో ఉంటే, పని సరిగ్గా అయిందని కాగితం మీద సంతకం పెట్టింది ఈ మహానుభావుడే. ఫోల్డరు మారిందని అక్కకు చెప్పనైనా లేదు. జాబితాలో కొత్త ఫోల్డరు చేరలేదు. బ్యాకప్ రోజూ పాత ఫోల్డరు తెరిచి, కొత్తగా ఏమీ లేదని చూసుకుని, టిక్కు కొట్టి పడుకునేది. ఎనిమిది నెలలు!

మొన్న సర్వర్లో డిస్కులు పాడయ్యాయి. పాత ఫొటోలన్నీ వెనక్కి వచ్చాయి. ఆ ఎనిమిది నెలలవి రాలేదు.

ఆ మర్నాడే బట్టలు కుట్టే పెద్దావిడ వచ్చింది. ఆర్నెల్ల కిందట ఆమె కంట్లో చిన్న మచ్చ కనబడింది. అది పెరిగి ఉంటే ఇంజెక్షన్ వెంటనే వేయాలి, పెరగకపోతే వేయకూడదు. పోల్చి చూద్దామని డాక్టరమ్మ రిసెప్షనుకు వచ్చి అడిగితే, అప్పటి ఫొటో లేదు.

"సాంకేతిక లోపమండీ. ఇవాళ ఇంకో ఫొటో తీస్తాం, మూడు నెలలాగి వస్తే దాంతో పోల్చి చూద్దాం," అన్నాడు మేనేజరు, నున్నగా.

అక్క వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "లోపమేం లేదు పెద్దమ్మా. మీ ఫొటోకి మేం కాపీ తీయలేదు. తీస్తున్నామో లేదో చూడ్డం కూడా మానేశాం."

మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. "నీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా?"

నేనిక ఊరుకోలేకపోయాను. "చూస్తానంటే వద్దన్నది ఈయనే, పెద్దమ్మా!"

పెద్దావిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. "మూడు నెలలాగితే ఏమవుద్దమ్మా?"

"అది పెరిగే రకమైతే, అప్పటికి మీరు సూదిలో దారం ఎక్కించలేరు," అంది డాక్టరమ్మ, తల వంచుకుని.

పెద్దావిడ అక్కను అడిగింది, "ఆ చూడ్డానికి ఎంతసేపు పట్టేదమ్మా?"

"నెలకి గంటన్నర," అంది అక్క.